టమోటా రుచికి కూడా విలువ కట్టాలి

సంపాదకుడు గారికి,

మాది మదనపల్లెకు దగ్గర్లో ఒక పల్లె. ఎకరంన్నరలో టమోటా వేస్తాం. మండీకి తోలేది హైబ్రిడ్. ఇంటికి మాత్రం బోరు పక్కన ఏడెనిమిది నాటు మొక్కలు పెంచుకుంటాం. నాకు తెలిసిన చాలామంది రైతుల ఇళ్లలో ఇదే తంతు. జనానికి అమ్మేది ఒక కాయ, మా పప్పులో వేసుకునేది ఇంకొకటి. ఈ మాట చెప్పుకోవడానికి మనసు ఒప్పడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

రెండు కాయలూ కోసి పక్కపక్కన పెట్టి చూడండి. హైబ్రిడ్ కాయకు కండ మందం, నడిమధ్య తెల్లటి బెండు, గింజల చుట్టూ రసం కొంచెమే. వాసన దాదాపు ఉండదు. నాటుకాయ నొక్కులు నొక్కులుగా, తొడిమ చుట్టూ పచ్చగా ఉంటుంది. కత్తి దిగగానే రసం మణికట్టు దాకా కారుతుంది. ఆ కాయలతో పప్పు చేసిన రోజు మా ఇంట్లో చింతపండు తియ్యరు.

ఇది నాలుకకు సంబంధించిన ముచ్చటే అనుకునేవాణ్ణి. వ్యవసాయ డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చెప్పాక గానీ అసలు సంగతి తెలియలేదు. టమోటా వాసనలో ముఖ్యమైనవి కాయలోని పోషకాల నుంచే పుడతాయట. ఎర్రరంగునిచ్చే లైకోపిన్, బీటా కెరోటిన్, మన ఒంటికి తప్పనిసరైన కొన్ని అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు మార్పు చెందినప్పుడు ఆ వాసనలు వస్తాయి. ముక్కుకు తగిలే వాసన లోపలి పోషకాలకు ఆనవాలు కావచ్చని 2006లోనే స్టీఫెన్ గాఫ్, హ్యారీ క్లీ అనే అమెరికా శాస్త్రవేత్తలు రాశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తొడిమ దగ్గరి పచ్చదనం సంగతి. కాయంతా ఒకే రంగులో పండాలని దశాబ్దాలుగా ఆ పచ్చదనం లేని రకాలనే ఎంచుకుంటూ వచ్చారు. ఆ ఎంపికలో ఒక జన్యువు పనిచేయకుండా పోయిందనీ, దాంతో చక్కెర, లైకోపిన్ కూడా తగ్గాయనీ 2012లో తేలింది. అంటే కంటికి ఇంపుగా కనబడడం కోసం సారాన్ని వదులుకున్నాం.

టమోటా ఒక్కటే కాదు. అమెరికాలో 43 రకాల కూరగాయలు, పండ్ల 1950 నాటి లెక్కలను 1999 లెక్కలతో పోల్చితే మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం, ఇనుము, బి2, సి విటమిన్లు తగ్గినట్టు కనిపించింది. దిగుబడి కోసం రకాలు మార్చడమే అందుకు ముఖ్య కారణం కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు.

నాటువన్నీ గొప్పవని నేను అనడం లేదు. నాటుకాయలోని పులుపంతా సి విటమిన్ కాదు. నాటు మొక్కకు ఆకుముడత వస్తే చేను చేతికి రాదు, ఆ కాయ లారీలో ఢిల్లీ దాకా పోలేదు. మండీలో ధర పలికేది సైజుకు, రంగుకు, గట్టితనానికి. అప్పు తెచ్చి నారు పోసిన రైతు ఇంకేం వేస్తాడు?

కాబట్టి మార్పు పైనుంచి రావాలి. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వంటి సంస్థలు కొత్త రకం విడుదల చేసేటప్పుడు దిగుబడి, తెగుళ్ల సంగతితో పాటు రుచి, లైకోపిన్, సి విటమిన్ లెక్కలు కూడా రైతుకు తెలిసేలా ప్రకటించాలి. తెగుళ్లను తట్టుకుంటూనే నాటుకాయ రుచి ఉండే రకాల మీద పని జరగాలి. ద్రాక్ష తోటల్లో తీపి కొలవడానికి బ్రిక్స్ మీటరు వాడతారు, టమోటా మండీలో అది నాకెప్పుడూ కనబడలేదు. ఒకటి పెట్టి చూడమనండి. ఇక రైతుబజార్లలో నాటు టమోటాకు విడిగా ఒక బోర్డు, విడిగా ఒక ధర ఉంటే దూరం పోవాల్సిన పని లేని ఆ కాయను పది కిలోమీటర్ల లోపే అమ్ముకోగలం. అలా చేస్తే వచ్చే కారుకు అర ఎకరం నాటు వేయడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక టమోటా రైతు,
అన్నమయ్య జిల్లా