డబ్ల్యూఆర్-10 బెండ్లు ఎందుకు ఆగాయంటే

మా దగ్గర డబ్ల్యూఆర్-10 ఈ-బెండ్లకు, అంటే అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో సిగ్నల్‌ను మలుపు తిప్పే బోలు లోహపు వేవ్‌గైడ్ ముక్కలకు, ఆర్డరిచ్చిన అందరికీ నమస్కారం. ఈ నెల అందాల్సిన సరుకు అందదు. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు, జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను. పెద్ద సైజైన డబ్ల్యూఆర్-28 తీసుకునేవాళ్లకు దీంతో సంబంధం లేదు, అవి ఎప్పటిలాగే వెళ్తున్నాయి.

మెషినింగ్‌లో ఏ తేడా లేదు. ఈ వేవ్‌గైడు 75 నుంచి 110 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. లోపలి దారి 2.54 మిల్లీమీటర్ల వెడల్పు, 1.27 ఎత్తు. అంత సన్నటి గొట్టాన్ని వంచితే ఆకారం నిలవదు కాబట్టి, ఇత్తడి దిమ్మెను రెండు సగాలుగా మిల్లింగ్ చేసి కలుపుతాం. వెడల్పు గోడకు సరిగ్గా నడిమధ్యన విడదీస్తాం. కరెంటు అక్కడ అతుకును అడ్డంగా దాటదు గనక నష్టం రాదు. ఆ పని మా కుర్రాళ్లు ఎప్పటిలాగే శ్రద్ధగా చేశారు.

దెబ్బ ప్లేటింగ్‌లో, అంటే లోహపు పూతలో, తగిలింది. 90 గిగాహెర్ట్జ్ దగ్గర బంగారంలో స్కిన్ డెప్త్, అంటే కరెంటు లోపలికి దిగే లోతు, దాదాపు పావు మైక్రాన్. అంటే సిగ్నల్‌కు గోడ అంటే పైపొరే. అందుకే డ్రాయింగ్ మీద స్పష్టంగా రాసిచ్చాం: ఇత్తడి మీద రాగి, దాని మీద కనీసం 2 మైక్రాన్ల బంగారం, మధ్యలో నికెల్ వద్దు. నికెల్‌లో సిగ్నల్ నష్టం ఎక్కువ. ఏళ్ల తరబడి మాకు పని చేస్తున్న ప్లేటింగ్ షాపు ఈసారి రాగి మీద నికెల్ వేసి, పైన పేరుకు బంగారం పూసి పంపింది. మాటవరసకైనా చెప్పలేదు.

చూడ్డానికి ధగధగా మెరుస్తున్నాయి. రిటర్న్ లాస్, అంటే సిగ్నల్ ఎంత తక్కువ వెనక్కి తిరిగొస్తుందో చెప్పే కొలత, 25 డీబీ (డెసిబెల్) కన్నా మెరుగ్గానే వచ్చింది. ఇన్సర్షన్ లాస్, అంటే బెండు దాటేలోపు పోయే సిగ్నల్, మాత్రం మామూలుగా 0.2 డీబీ ఉండేది 0.5కు దగ్గరగా, బ్యాండ్ అంతటా ఒకే తీరుగా పెరిగింది. ఫ్లాంజ్ (రెండు ముక్కల్ని బిగించే చివరి అంచు) సరిగా కూర్చోకపోతే గ్రాఫ్ అలా ఉండదు. ఒకదాన్ని అడ్డంగా కోయించి మైక్రోస్కోప్ కింద పెడితే నికెల్ పొర కనిపించింది. అడిగితే ఆ షాపాయన, "నికెల్ లేకపోతే రాగి బంగారంలోకి ఎక్కుతుందండీ, కనెక్టర్లకు అందరికీ ఇలాగే చేస్తాం. ఇన్ని మైక్రాన్ల లెక్క ఎవరు చూస్తారు?" అన్నారు. కనెక్టర్లకు అది సరైన పద్ధతే, కాదనను. కానీ ఆ లెక్క చూడటమే మా పని. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. మా డేటాషీట్‌లో ఇన్సర్షన్ లాస్ గరిష్ఠంగా 0.5 డీబీ అని ఉంది. దాని ప్రకారం ఈ లాట్‌లో చాలా ముక్కలు పాసే. "కాగితం మీద మన తప్పేం లేదు కదా నాన్నా, పంపేద్దాం" అన్నాడు మా అబ్బాయి. వాడి మాటలో న్యాయం ఉంది. జీతాలివ్వాలి, మీ అడ్వాన్సులు అప్పటికే ఇత్తడికి, టూల్స్‌కు పోయాయి. అయినా నాకు మనసొప్పలేదు. మీలో కొందరు ఒకే బెంచ్ మీద నాలుగు బెండ్లు వరసగా వాడతారు. ఒక్కోదానికి 0.3 చొప్పున అదనంగా పోతే మొత్తం 1.2 డీబీ, అంటే దాదాపు పావు వంతు పవర్ గోడల్లోనే వేడిగా పోతుంది. రిసీవర్ ముందు పెట్టేవారికైతే ఆ నష్టం నేరుగా నాయిస్ ఫిగర్‌కు, అంటే రిసీవర్ సొంతంగా కలిపే రొద లెక్కకు, కలుస్తుంది. మీరు రోజుల తరబడి యాంప్లిఫయర్‌ను అనుమానిస్తారు గానీ, మా బెండు మీదకు మీ దృష్టి పోదు. ఎందుకంటే మమ్మల్ని నమ్మారు.

నికెల్ కరిగించి మళ్లీ పూయవచ్చన్నారు. ఆ యాసిడ్ కింది రాగిని, ఇత్తడిని కూడా తింటే లోపలి కొలత పోతుంది. ఒప్పుకోలేదు.

కొత్త దిమ్మెలు మిల్లింగ్‌లో ఉన్నాయి. ప్లేటింగ్ వేరే షాపుకు ఇచ్చాం. ఇకపై ప్రతి లాట్‌తో పాటు ఒక ఇత్తడి బిళ్లకూ అదే పూత వేయించి, దాన్ని కోసి పొరలు చూశాకే లాట్ తీసుకుంటాం. డేటాషీట్‌లో 0.5ను 0.3కు దించాం. ప్రతి బెండుతో దాని సొంత కొలత గ్రాఫ్ వస్తుంది. ధర పెంచడం లేదు.

వచ్చే నెలాఖరుకు పంపగలం. ఆగలేనివారు చెప్పండి, అడ్వాన్సు పూర్తిగా వాపసు ఇస్తాం. పాత లాట్‌నే తక్కువ ధరకు ఇమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారు. మా పేరు చెక్కిన ముక్క అలా బయటికి వెళ్లదు, దయచేసి మళ్లీ అడగవద్దు.