వాచీ పేరుతో పాటు నంబరూ ప్రచురించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఖరీదైన స్విస్ చేతి గడియారాల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. తిరుపతి గాంధీ రోడ్డులో ముప్పై ఏళ్లకు పైగా వాచీలు మరమ్మతు చేస్తున్నవాడిగా అందులోని ఒక లోపాన్ని మీ దృష్టికి తేవాలనిపించింది. రోలెక్స్ సబ్‌మెరీనర్ అని ఫొటో వేసి, అందులో తేదీ కూడా చూసుకోవచ్చని పక్కన రాశారు. కానీ ఫొటోలోని వాచీకి తేదీ గడే లేదు. తేదీ ఉన్నదానినీ లేనిదానినీ సబ్‌మెరీనర్ అనే అంటారు, రకాన్ని తెలిపే మోడల్ నంబర్లు మాత్రం వేరు. ఈ కంపెనీలు కొత్త రకం తెచ్చినప్పుడు సాధారణంగా పేరు మార్చవు, నంబరు మారుస్తాయి. అందువల్ల నంబరు లేకుండా ధర చెప్పినా, గుణగణాలు చెప్పినా అవి ఏ వాచీవో పాఠకుడికి తెలియదు.

సబ్‌మెరీనర్ అనే పేరు 1953 నాటిది. తేదీ ఉన్న రకం మొదట 1680 నంబరుతో వచ్చింది. తర్వాత 16800, 168000, 16610 వచ్చాయి. 2010లో 116610, 2020లో 126610 వచ్చాయి. పాత నంబరులో అంకెలు చేరుస్తూనో మారుస్తూనో వచ్చిన తీరు చూస్తే ఏది దేని తర్వాతిదో తేలిగ్గానే పట్టుకోవచ్చు. అయిదారు అంకెల నంబర్లలో చివరి అంకె లోహాన్ని చెబుతుంది: 0 ఉంటే స్టీలు, 3 ఉంటే స్టీలూ పసుపు బంగారమూ కలిసినది, 8 ఉంటే పూర్తిగా పసుపు బంగారం. ఆ పైన ఎల్‌ఎన్ అని ఉంటే అద్దం చుట్టూ ఉండే బెజెల్ నల్లనిది, ఎల్‌వీ అని ఉంటే ఆకుపచ్చది. అవి ఫ్రెంచి మాటల మొదటి అక్షరాలు. ఇంత సమాచారం మోసే నంబరు డయల్ మీద ఉండదు. పాత రోలెక్స్‌లలో అయితే చైను విప్పితే తప్ప కనబడని చోట, పన్నెండు అంకె వైపు, చైను తగిలించే కొమ్ముల మధ్య చెక్కి ఉంటుంది.

దీనివల్ల కలిగే నష్టాన్ని నేను కళ్లారా చూశాను. రెండేళ్ల కిందట మదనపల్లె నుంచి ఒక అబ్బాయి సబ్‌మెరీనర్ తెచ్చాడు. తండ్రి కువైట్‌లో ఒక ఇంట డ్రైవరుగా చేసి తిరిగొచ్చేటప్పుడు యజమాని ఇచ్చిన వాచీ అది. తండ్రి పోయాక బీరువాలోంచి తీస్తుంటే కింద పడి అద్దం పగిలింది. నా దగ్గరికి వచ్చేలోపే అతను చెన్నైలో విడిభాగాలు అమ్మే ఒకరికి డబ్బు కట్టి, కొత్త అద్దం తెప్పించుకున్నాడు. అది కూర్చోవడం లేదంటే, "పేరు చెప్పే కదన్నా తెప్పించింది, అదే గ్లాసు కదా!" అని బిక్కమొహం వేశాడు. పిన్ను తీసి చైను పక్కన పెట్టి, కొమ్ముల మధ్య ఏళ్ల తరబడి గడ్డకట్టిన చెమట మట్టిని పుల్లతో గీకి, కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే 1680 అని కనబడింది. దానికి ఉండేది అక్రిలిక్ అనే ప్లాస్టిక్ అద్దం. వచ్చినదేమో నీలమణి స్ఫటికంతో చేసిన సఫైర్ అద్దం, అది 16800 నుంచి మొదలైనది. అమ్మినవారు నంబరు అడగనూ లేదు, సరుకు వెనక్కి తీసుకోనూ లేదు. సరైన అద్దం దొరకడానికి మరో రెండు నెలలు పట్టింది.

పాటెక్ ఫిలిప్ వారి నాటిలస్‌దీ ఇదే తీరు. 1976లో 3700, 2006లో 5711, 2022లో 5811. పేరు మాత్రం ఒక్కటే. అంకెల తర్వాత ఏ అనే అక్షరం ఉంటే స్టీలు, జీ ఉంటే తెల్ల బంగారం. ఉత్త నాటిలస్ అని రాస్తే ఆ తేడా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

పలకడానికి కష్టమే అయినా, నా మట్టుకు ఒమేగా పద్ధతి మేలనిపిస్తుంది. 2021లో వచ్చిన స్పీడ్‌మాస్టర్ నంబర్లలో ఒకటి 310.30.42.50.01.001. అందులో 30 అంటే స్టీలు కేసు, స్టీలు చైను. 42 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 01 అంటే నల్ల డయల్. పైకి అంతకు ముందుదానిలాగే కనబడే ఆ వాచీ లోపల 1861 అనే నంబరు యంత్రం పోయి 3861 నంబరుది వచ్చింది. మరమ్మతు చేసేవాడికి కావలసింది ఆ సంగతే.

కంపెనీలు పేర్లు మార్చాలని నేను అనడం లేదు. 1969లో చంద్రుడి మీదికి వెళ్లొచ్చిన స్పీడ్‌మాస్టర్ పేరును ఎవరు వదులుకుంటారు? మన హెచ్‌ఎంటీ వారు జనతా, పైలట్, కోహినూర్ అని దేనికి దానికి వేరే పేరు పెట్టారు, అదొక పద్ధతి. పేరు ఒకటే ఉంచే పద్ధతిలో మాత్రం నంబరు చెప్పక తప్పదు. మన జిల్లా రైతు విత్తనాల అంగడికి వెళ్లి ఉత్త వేరుశనగ అని అడగడు, కదిరి 6 అనో, కదిరి లేపాక్షి అనో రకం చెప్పి అడుగుతాడు. లక్షల రూపాయల వాచీ గురించి రాసేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త మనకూ ఉండాలి.

ఇకపై వాచీల వ్యాసాల్లోనూ, పాత వాచీల అమ్మకం ప్రకటనల్లోనూ పేరు పక్కన నంబరు కూడా వేయవలసిందిగా కోరుతున్నాను. మీరు ప్రచురించిన ఫొటోలోని సబ్‌మెరీనర్ నంబరు ఏమిటో, వ్యాసంలో ఇచ్చిన ధర దానిదో, తేదీ ఉన్నదానిదో వచ్చే ఆదివారం సంచికలో సవరణగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక వాచీ మరమ్మతుదారు,
గాంధీ రోడ్డు, తిరుపతి.