నాన్నకి, లైటుతో పాటు

జుబైల్ (సౌదీ),
సెప్టెంబరు 12, శుక్రవారం

నాన్నా,

నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, నానమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న అమ్మ ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. తెల్లారగట్ల నాలుగింటికి ఫోను లైటు వేసుకుని తోటకి పోతున్నావట. బుధవారం గట్టు మీద కట్లపాము అడ్డంగా పడుకుని ఉంటే, దాన్ని దాటేశాక చూశావట. అమ్మ నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలీదా?

ఫోన్లో ఏం చెప్పినా "ఊ, సరేలే" అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. మేస్త్రీ గారి అబ్బాయి దసరాకి ఇంటికొస్తున్నాడు. వాడి చేతికి నీకొక చిన్న టార్చిలైటు, అమ్మకి తలకి కట్టుకునే లైటు, ఎనిమిది సెల్లులు, వాటి చార్జరు ఇచ్చి పంపుతున్నాను. ఈ కాగితం ఆ డబ్బాలోనే ఉంటుంది. ముందు ఇది పూర్తిగా చదువు, తర్వాత లైటు తియ్యి.

పని సంగతి రాయడానికి పెద్దగా ఏం లేదు. మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న రూలు ఈ 15తో అయిపోతుంది. వేడి కాస్త తగ్గింది. రూములో మనవైపు వాళ్లమే ఐదుగురం, వంతుల మీద వండుకుంటున్నాం. తిండికి లోటు లేదని అమ్మకి చెప్పు.

ఈ లైటు కోసం మూడు శుక్రవారాలు తిరిగాను. ఖర్చు గురించి నువ్వు కోప్పడతావని తెలుసు. రెండూ కలిపి మన డబ్బుల్లో మూడు వేలు దాటింది. కానీ చవకది కొని ఒకసారి మోసపోయాను నాన్నా. వచ్చిన మొదటి ఏడాది బజార్లో ఒకటి కొన్నాను. డబ్బా మీద పదివేల లుమెన్లని రాసుంది. లోపలి సెల్లు మీద, ఎంత చార్జి పడుతుందో చెప్పే చోట, 9900 అని ఉంది. పెద్ద అంకెలు చూసి సంబరపడ్డాను. నెల తిరక్కుండానే మిణుగురు పురుగులా అయిపోయింది. తర్వాత తెలిసింది, బొటనవేలంత లావున్న ఆ 18650 రకం సెల్లులో మంచి కంపెనీది అయితే 3500 దాకా పడుతుంది గానీ 9900 అనేది ఉట్టి మాట. సెల్లు మీద అంత అబద్ధం రాసినవాడు లైటు మీద నిజం రాస్తాడా? అప్పట్నుంచి అంకె ఎంత పెద్దదైతే నాకు అంత అనుమానం.

లుమెన్లంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుగు వస్తుందో ఆ లెక్క. అది ఎంత దూరం పోతుందన్నది వేరే లెక్క. తోటకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడతావు చూడు. వచ్చే నీళ్లు అవే, కానీ చివరి కొబ్బరి మొక్క దాకా చిమ్ముతాయి. వేలు తీసేస్తే కాళ్ల దగ్గరే పారుతాయి. లైటూ అంతే. లోపలున్న మెరుపు గిన్నె లోతుగా, నున్నగా ఉంటే వెలుగు సన్నగా దూరం పోతుంది. లోతు తక్కువైనా, గరుగ్గా ఉన్నా దగ్గర్లో వెడల్పుగా పరుచుకుంటుంది. గట్టు మీద నడిచేవాడికి రెండో రకమే కావాలి. ఎదురుగా ఒక్క చోట గుండ్రంగా వెలిగి, పాదాల పక్కన చీకటి ఉంటే ఏం లాభం? నీ ఫోను లైటు అటూ కాదు, ఇటూ కాదు. నాలుగడుగుల అవతలికి పోదు, పైగా ఒక చెయ్యి దానికే సరిపోతుంది. ఫోను చార్జింగు అయిపోతే నాకు కాల్ చెయ్యడానికి కూడా ఉండదు.

డబ్బా మీద 80 మీటర్లని చూసి, అంత దూరంలో ఉన్న పాము కనిపిస్తుందనుకోకు. ఆ దూరాన్ని కొలిచే పద్ధతి ఏమిటంటే, ఎక్కడికి పోయేసరికి వెలుగు పున్నమి వెన్నెలంత అయిపోతుందో అక్కడిదాకా లెక్కేస్తారు. వెన్నెల్లో మనిషి నడుస్తుంటే తెలుస్తుంది. ఆకుల్లో పాము తెలుస్తుందా? కాబట్టి ఆ 80లో మన కంటికి పనికొచ్చేది సగమో, ఇంకా తక్కువో. మనకి కావలసింది పది పదిహేను అడుగులు. ఈ లైటుకి అది సునాయాసం.

రంగు విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. షాపుల్లో అన్నీ నీలం తిరిగిన తెల్లటి వెలుగువే. చూడ్డానికి మెరుపులా ఉంటుంది, కానీ ఆ వెలుగులో ఎండు జీడాకు, మట్టి, రక్తపింజర ఒళ్లు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. నేను కొన్నది కొంచెం పసుపు కలిసిన తెలుపు. రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించడానికి సీఆర్ఐ అని ఒక కొలత ఉంది. వందకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇది 90 పైన ఉన్నది. రూములో లైట్లు ఆర్పేసి, ఎండుమిరపకాయలు, చింతపండు, బెల్లం ముక్క పక్కపక్కన పెట్టి రెండు లైట్లూ వేసి చూశాను. నీలం వెలుగులో చింతపండుకీ బెల్లానికీ తేడా తెలియలేదు. దీంట్లో మిరపకాయల తొడిమెల రంగు కూడా తెలిసింది. అప్పుడే తీసుకున్నాను.

ఇంకోటి, నీ కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది కదా. మరీ ఎక్కువ వెలుగు తెల్ల గోడ మీదో తడి ఆకు మీదో పడి తిరిగి కళ్లలో కొడితే రెండు నిమిషాలు ఏమీ కనిపించదు. చీకటికి బాగా అలవాటు పడాలంటే మంచి కళ్లకే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అందుకే నొక్కగానే తక్కువ వెలుగుతో మొదలయ్యేదే వెతికాను. మళ్లీ కొంచెం నొక్కితే మధ్యస్థం, ఇంకోసారి నొక్కితే ఎక్కువ. దారికి మధ్యస్థం చాలు. స్విచ్చి వెనక చివర ఉంటుంది, చీకట్లో చేత్తో తడిమినా బొటనవేలికి దొరుకుతుంది.

నాన్నా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? పలాస వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమని ఆషాఢంలో చెప్పాను. చిన్నాన్నకి కూడా మొదట్లో ఏమీ తెలియలేదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే ఆ క్రియాటినిన్ ఎంత వచ్చిందో కాగితం ఫొటో తీసి పంపమను. బాగానే ఉన్నానని నువ్వంటే నాకు సరిపోదు.

ఇప్పుడు సెల్లుల సంగతి. దీని మీదే నేను ఎక్కువ ఆలోచించాను. చార్జింగు వైరు గుచ్చుకునే లైట్లు చాలా బాగుంటాయి. రూములో వాళ్లంతా అవే కొనమన్నారు. ఆ సెల్లులో బలం ఎక్కువ, వెలుగూ ఎక్కువ. నేను కూడా చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను. కానీ నాకు తిత్లీ తుపాను గుర్తొచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజాము. పెంకులు ఎగిరిపోతుంటే నానమ్మని మంచం కింద పడుకోబెట్టాం. నువ్వు గూట్లోంచి మూడు సెల్లుల పాత టార్చి తీశావు. వెలగలేదు. మూత విప్పితే సెల్లులు కారిపోయి స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. ఆ చీకట్లో నీ మొహం నాకు కనిపించలేదు గానీ, ఆ టార్చిని అరచేత్తో రెండుసార్లు కొట్టిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లారాక చూస్తే తోట మొత్తం నేల మీద ఉంది. తాత వేసిన చెట్లు. మన వీధికి పన్నెండు రోజులు కరెంటు లేదు. ఫోన్లన్నీ రెండో రోజుకే చచ్చిపోయాయి. మళ్లీ వేసిన మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లని నువ్వు లెక్క చెప్పిన రోజే నేను పాస్‌పోర్టుకి పెట్టాను. నీకు అప్పుడు చెప్పలేదు.

అందుకే వైరు రకం వదిలేసి, మామూలు పెన్సిల్ సెల్లు వేసుకునేది తీసుకున్నాను. ఒక్క సెల్లు చాలు. నేను పంపేవి చార్జింగు సెల్లులు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. తుపాను వచ్చి కరెంటు పోయినా, కిళ్లీకొట్లో దొరికే సెల్లు వేస్తే వెలుగుతుంది. అమ్మ లైటుకీ అదే సెల్లు. ఎక్కువ వెలుగు మీద గంటన్నర వస్తుంది, మధ్యస్థం మీద ఐదారు గంటలు, బాగా తక్కువ మీద ఒక రోజు దాటి వస్తుంది. కొట్లో కొన్న సెల్లుని మాత్రం వాడనప్పుడు లోపల ఉంచకు, తీసి పక్కన పెట్టు. పాత టార్చిని పాడుచేసింది అదే. చార్జింగు సెల్లు అయితే ఉంచొచ్చు. ఇది చివరిదాకా ఒకేలా వెలిగి ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి అది తగ్గేదాకా ఆగకుండా ప్రతి అమావాస్యకీ, పున్నమికీ సెల్లు మార్చి, తీసినది చార్జింగు పెట్టు. నీకు తిథులు గుర్తుంటాయి కాబట్టి ఇలా చెప్తున్నాను.

ఇక్కడిది అమ్మకి చదివి వినిపించకు. మొన్న జూన్‌లో ఒక పెద్ద ట్యాంకు లోపల పని చేస్తుంటే లైట్ల లైను పోయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. నాతో ఉన్నది సోంపేట వైపు పెద్దాయన, ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. కంగారు పడకుండా జేబులోంచి వేలెడంత లైటు తీసి నిచ్చెన చూపించాడు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చాం, ఏమీ కాలేదు. నా లైటు పెద్దది, మంచిది, కానీ అది పైన బ్యాగులో ఉంది. ఆ రోజు నుంచి నేను కూడా చిన్నది జేబులోంచి తియ్యను. ఇక్కడ ఏ లైటు పడితే అది లోపలికి తీసుకెళ్లనివ్వరు, గ్యాసు ఉన్న చోట నిప్పురవ్వ పుట్టదని సర్టిఫికెట్ ఉన్నదే కావాలి. ఆ రూలు గట్టిగా పాటిస్తారు. నా గురించి భయపడకు.

నీకు ఇంత చిన్న లైటు పంపడానికి కారణం అదే నాన్నా. పెద్దది పంపితే గూట్లో పెడతావు. నీ చుట్ట డబ్బా కంటే ఇది చిన్నది. క్లిప్పు ఉంది, చొక్కా జేబు అంచుకి తగిలించు, వంగినా జారదు. లుంగీ మడతలో పెట్టకు, ఎక్కడో పడిపోతుంది. తోటకే కాదు, రాత్రి పెరట్లోకి వెళ్లినా, రచ్చబండ దగ్గరికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా నీ మీదే ఉండాలి. చెప్పులు వేసుకున్నట్టు ఇది కూడా.

ఎలుగుబంటి విషయం వేరు. జీడిపళ్లు పండే రోజుల్లో అది కనిపిస్తే ఈ లైటు దాని కళ్లలో కొట్టి నిలబడకు. లైటు దాన్ని ఆపదు. ఎక్కువగా హఠాత్తుగా ఎదురుపడినప్పుడే అది మీద పడుతుంది. అందుకే ఒక్కడివే వెళ్లకు, బావని పిలు, మాట్లాడుకుంటూ వెళ్లండి. అసలు ఆ నెలల్లో తెల్లారాక వెళ్తే ఏం పోతుంది? రాలిన పిక్కలు గంట ఆలస్యంగా ఏరుకుంటే కరిగిపోవు కదా. కోపంగా రాస్తున్నానని అనుకోకు.

నువ్వు నాలుగింటికి లేచేసరికి ఇక్కడ ఒంటిగంటన్నర. ఈ మధ్య సరిగ్గా ఆ టైముకే మెలకువ వస్తోంది. తోట గేటు తీసి ఉంటావు, పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఉంటావు అనుకుంటూ పడుకుంటాను. కొత్త మొక్కలు ఈ ఏడు ఎన్ని గెలలు వేశాయో రాయలేదు. అప్ప కొడుకు బడికి పోతున్నాడా, గుంటడు ఫోన్లో నన్ను గుర్తుపట్టలేదు.

అమ్మకి పంపినది తలకి పెట్టుకుని, ముందున్న బుడిపెని కిందికి వంచితే పొయ్యి మీద పడుతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మొదట సిగ్గుపడుతుంది, నువ్వేం నవ్వకు. మేస్త్రీ గారి అబ్బాయి తిరిగొచ్చేటప్పుడు ఏమీ పంపొద్దు, వాడికి సామాను ఎక్కువ. చోడిపిండి ఒక కేజీ అయితే పర్వాలేదు.

నానమ్మకి నా నమస్కారాలు.

మీ
పెద్దోడు

సెల్లు వేసేటప్పుడు బొడిపె ఉన్న వైపు అద్దం వైపుకి ఉండాలి. మూత గట్టిగా బిగించు, లోపల రబ్బరు చుట్టు ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు. సరిగ్గా బిగిస్తే కాలవలో పడినా నీళ్లు పోవు. అయినా అమ్మా, చొక్కా నానబెట్టే ముందు నాన్న జేబు ఒకసారి చూడు. అందులో లైటు ఉందని నాకు ఫోన్లో చెప్పు.