రేబిస్ టీకా శిబిరాల్లో కుక్కల గోళ్లు తీయడం కూడా చూపించాలి

సంపాదకులకు,

ఆర్యా,

ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినోత్సవం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తున్నారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక బాలుడికి తొలిసారి టీకా ఇప్పించిన సంగతిని గుర్తుచేసుకుంటూ జరిపే ఈ శిబిరాలకు మా గోదావరి డెల్టాలో పట్టణాల వారే కాక పల్లెల వారు కూడా కుక్కలను వెంటబెట్టుకుని వస్తున్నారు. ఆ వరుసలో నిలబడిన కుక్కల పాదాలను ఒక్కసారి గమనిస్తే, ముద్దుగా సాకుతున్న వాటిలోనూ గోళ్లు కొక్కేల్లా వంగిపోయినవి చాలానే కనిపిస్తాయి. టీకా వేసే రోజునే గోళ్లు తీసే పద్ధతిని కూడా యజమానులకు చేసి చూపించాలని పశుసంవర్ధక శాఖ వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

కంకర రోడ్ల మీద రోజంతా తిరిగే కుక్కకు గోళ్లు వాటంతట అవే అరుగుతాయి. ఇప్పుడు మన ఇళ్లలో పెరుగుతున్న లాబ్రడార్లు, పామరేనియన్లు, షిజూలు టైల్స్ మీదే పుట్టి పెరిగినట్టు బతుకుతున్నాయి. బయటికి తీసుకెళ్లినా అడుగు పడేది మెత్తటి ఒండ్రు నేల మీదే కాబట్టి గోరు అరిగే అవకాశం తక్కువ. పెరిగిన గోరు అడుగు వేసిన ప్రతిసారీ ముందుగా నేలకు తగిలి వేలిని వెనక్కి నెడుతుంది. దానితో కుక్క పాదం పెట్టే తీరు మారుతుంది, నున్నటి నేల మీద కాలు జారుతుంది, వయసు మళ్లిన కుక్కకైతే కీళ్ల బాధ మరింత పెరుగుతుంది. ఇంట్లో నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపిస్తోందంటే గోళ్లు తీయాల్సిన సమయం వచ్చినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ముందుకాళ్లకు లోపలివైపు, కాస్త పైన ఉండే గోరు. అది నేలకు తగలదు కనుక అరగదు. బొచ్చు కప్పేయడం వల్ల కంటికీ కనిపించదు. మా వీధిలో ఒక ముసలి పామరేనియన్ కుంటుతుంటే ఏ ముల్లో గుచ్చుకుందనుకున్నారు. డాక్టరుగారు బొచ్చు పక్కకు తీసి చూపిస్తే ఆ గోరు గుండ్రంగా చుట్టుకుని మొన పక్కనున్న మెత్తలోకి దిగిపోయి ఉంది, చుట్టూ చీము పట్టి వాసన వేస్తోంది. నెలకోసారి ఆ గోటిని వేలితో తడిమి చూసి ఉంటే ఆ మూగజీవికి అంత బాధ తప్పేది.

గోళ్లు తీయడానికి చాలామంది జంకడానికి కారణం రక్తం. గోరు లోపల రక్తనాళం, నరం ఉన్న మెత్తని కండ ఉంటుంది. కత్తెర దానికి తగిలితే నెత్తురు కారుతుంది, కుక్క విలవిల్లాడుతుంది. తెల్లగోళ్లలో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది కాబట్టి దానికి కొంచెం ఇవతలే ఆపవచ్చు. నల్లగోళ్లతోనే చిక్కు. వాటిని ఒక్క దెబ్బలో కోయకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున చెక్కుతూ, ప్రతిసారీ కోసిన ముఖాన్ని వెలుతురులో చూడాలి. మొదట పొడిగా సుద్దలా ఉంటుంది. నడిమధ్యన ముదురు రంగు చుక్క కనబడగానే ఆపేయాలి. అప్పటికి గోరు ఇంకా పొడవుగానే ఉందనిపించినా తొందరపడకూడదు, ఎందుకంటే వారం పది రోజులకోసారి కొద్దికొద్దిగా తీస్తుంటే లోపలి కండ కూడా క్రమంగా వెనక్కి తగ్గుతుంది. మనుషుల నెయిల్ కట్టర్ ఇందుకు పనికిరాదు. గుండ్రటి గోటిని అది నొక్కి చీలుస్తుంది. కుక్కల కోసం చేసిన పదునైన కత్తెరే వాడాలి.

జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి రక్తం వస్తుంది. శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టి, గోటి కొసను మొక్కజొన్న పిండిలో అద్దితే సాధారణంగా ఆగుతుంది. పావుగంట దాటినా ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. సున్నం మాత్రం పూయవద్దు, గాయం కాలుతుంది. తొలకరి తర్వాత కాలువగట్లన్నీ బురదగా ఉండే రోజుల్లో గోరు తెగిన కుక్కను ఒకటి రెండు రోజులు ఆ బురదలోకి పోనివ్వకపోవడం మంచిది.

నలుగురు కలిసి అదిమిపట్టి గోళ్లు కోసే పద్ధతి నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అలా ఒకసారి బెదిరిన కుక్క మళ్లీ కాలు ముట్టుకోనివ్వదు, కరుస్తుంది కూడా. పిల్లగా ఉన్నప్పటి నుంచే రోజూ పాదాలు నిమిరి, ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి పెడుతూ అలవాటు చేస్తే, రోజుకు రెండు గోళ్ల చొప్పున తీసినా పని నెమ్మదిగా పూర్తవుతుంది. బాగా భయపడే కుక్కకు మూతికి చిక్కం వేసి వైద్యులే తీయాలి; అవసరమైతే మత్తు కూడా వాళ్లే ఇస్తారు. మనుషుల నిద్రమాత్రలు వేయడం ప్రాణాపాయం. ఒకవేళ కరిస్తే, టీకా వేయించిన కుక్కే కదా అని ఊరుకోకుండా, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బు, వాహనం ఉన్నవారు పట్టణాల్లోని గ్రూమింగ్ సెంటర్లకు వెళ్లగలరు. లంక గ్రామాల వారు పంటు మీద ఏరు దాటి, ఆటో మాట్లాడుకుని గోళ్ల కోసం కుక్కను అంత దూరం తీసుకురాలేరు. వారికి అందుబాటులో ఉన్నది దగ్గరి పశువైద్యశాల ఒక్కటే. అక్కడి సిబ్బందికి గేదెలు, ఆవుల పనే తలకు మించి ఉంటుందని తెలుసు కాబట్టే, కుక్కలన్నీ ఎలాగూ ఒకచోటికి చేరే టీకా రోజును సూచిస్తున్నాను. నెమ్మదస్తురాలైన ఒక కుక్క, మంచి కత్తెర, గుప్పెడు మొక్కజొన్న పిండి ఉంటే చాలు. గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థులను ఆ రోజుకు పిలిపించగలిగితే వైద్యుల మీద భారం పడదు. శిబిరాల ప్రకటనలోనే ఈ విషయం కూడా చేర్చితే యజమానులు ముందుగా తెలుసుకుని వస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా