ఏ సర్ఫక్టెంటో చెప్పకుండా ‘వేగం పెరుగుతుంది’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

సర్ఫక్టెంటు (సబ్బులాంటి పదార్థం) కలిపితే సేంద్రియ ఆమ్లాల ఆక్సీకరణ వేగం పెరుగుతుందని మీ సైన్స్ పేజీలో రాశారు. ఇరవై ఏడేళ్లు డిగ్రీ పిల్లలకు కైనటిక్స్ (చర్యల వేగం) ప్రాక్టికల్స్ చేయించినదాన్ని. పెరగడమూ చూశాను, తగ్గడమూ చూశాను, ఏ తేడా రాకపోవడమూ చూశాను.

సర్ఫక్టెంటు అణువు తల మీద ఏ ఛార్జి ఉంది, ఎంత వేశాం అన్నవే ముఖ్యం. 25 డిగ్రీల దగ్గర శుద్ధమైన నీటిలో, తల మీద ఋణావేశం ఉండే ఎస్‌డీఎస్ అనే సర్ఫక్టెంటు లీటరుకు సుమారు 8 మిల్లీమోల్స్ దాటితేగానీ మైసెల్స్ (అణువులు గుంపుగా చేరిన సన్నటి ఉండలు) కట్టదు. తల మీద ధనావేశం ఉండే సీటాబ్‌కు ఒక మిల్లీమోల్ చాలు. లవణాలుంటే రెండింటికీ ఇంకా తక్కువే. సీటాబ్ మైసెల్ ధనావేశంతో ఆక్సీకరణం చేసే ఋణావేశపు పర్మాంగనేట్ అయాన్లను దగ్గరికి లాక్కుంటుంది. ఆమ్లమూ అక్కడికే చేరితే రెండూ ఇరుకులో ఎదురుపడి చర్య పుంజుకుంటుంది. కానీ అదే మైసెల్ హైడ్రోజన్ అయాన్లను అవతలికి నెడుతుంది. చర్యకు అవే కావాల్సి వస్తే? ఎస్‌డీఎస్ దగ్గర ఈ వరసంతా తిరగబడుతుంది. పైగా మైసెల్స్ మరీ ఎక్కువైతే చర్య జరపాల్సిన సరుకు వాటి మధ్య పలచబడి, ఎక్కిన గ్రాఫు దిగుతుంది.

ఓ ఏడాది ఒకమ్మాయి ఆక్జాలిక్ ఆమ్లం, పర్మాంగనేట్ మిశ్రమంలో సీటాబ్ వేసి, “మేడమ్, రేటు రెట్టింపయింది!” అంటూ పరిగెత్తుకొచ్చింది. పరీక్షనాళిక వెలుగుకు ఎత్తి చూస్తే అడుగున ఊదారంగు తునకలు. రంగు చర్యలో పోలేదు, సీటాబ్‌తో కలిసి అవక్షేపమై కింద కూర్చుంది. రంగు గాఢత కొలిచే కలరీమీటరుకు ఆ తేడా ఏం తెలుసు? ఆమ్లం లేకుండా బ్లాంక్ పెట్టిస్తే అందులోనూ అదే తంతు. పిల్ల ముఖం వాడిపోయింది గానీ, ఆ రోజు నుంచి బ్లాంక్ లేకుండా బ్యూరెట్ ముట్టుకోలేదు.

ఈ చర్యలో ఇంకో మెలిక ఉంది. పుట్టిన మాంగనీస్ అయానే చర్యను తరుముతుంది. మొదట రంగు పోవడానికి విసుగొచ్చేంత సేపు పడుతుంది, ఆ తర్వాత చకచకా పోతుంది. సర్ఫక్టెంటు మార్చింది ఆ మొదటి ఆలస్యాన్నా, తర్వాతి పరుగునా అన్నది విడిగా చూడాలి.

మీ గ్రాఫులో ఉన్నవి మూడే బిందువులు. ఏ సర్ఫక్టెంటో, ఎంత గాఢతో, ఏ ఉష్ణోగ్రతో లేదు. చల్లటి ఉదయం సీటాబ్ సీసాలోనే తెల్లగా స్ఫటికాలు కడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత చిన్న విషయమేం కాదు. సవరణ వేసేటప్పుడు ఆ వివరాలు, బ్లాంక్ రీడింగులు కూడా ఇవ్వగలరు.

– ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్