అయినవాళ్ళకి ఆకుల్లో వడ్డించాం, ఇక అలా ఉండదు

నమస్కారం.

కొత్తగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి మేమిచ్చే 25 శాతం కూపన్‌ని ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం. ఇప్పటికే మీ దగ్గరున్న కోడ్‌లు వాటి మీద రాసిన తేదీ దాకా పనిచేస్తాయి, కంగారు పడకండి. ఎందుకు ఆపుతున్నామో, దాని బదులు ఏం చేస్తున్నామో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగే. అంతా చదివే తీరిక లేనివాళ్ళకి ఒక్క ముక్క: మా నోటుబుక్కులన్నిటి ధర 8 శాతం తగ్గింది. అందరికీ. ఏ కోడూ అక్కర్లేదు.

ఇదంతా ఒక మెయిల్‌తో మొదలైంది. నాలుగేళ్ళుగా మా దగ్గర నోటుబుక్కులు కొంటున్న ఒకాయన రాశారు: "మీ దగ్గర ఇప్పటికి పదిహేడు సార్లు కొన్నాను. మొన్న మా అమ్మాయి మొదటిసారి కొంటే పావు వంతు తగ్గించారు. నేను కూడా వేరే మెయిల్ ఐడీ పెట్టుకుని కొత్తవాడిలా రావాలా?" కోపంగా రాసినా బాగుండేది. ఆయన నిజంగా సలహా అడుగుతున్నట్టే రాశారు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అంటారే, సరిగ్గా అదే చేస్తున్నామని అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఆ రాత్రి లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. మీకూ చూపిస్తాను, దాచేదేముంది. వంద పెట్టి ఒక నోటుబుక్కు అమ్మితే కాగితం, కుట్టు, అట్ట, ప్యాకింగు, డబ్బు చెల్లింపు కంపెనీ కోసుకునేది అన్నీ కలిపి 60 పోతాయి. మిగిలిన 40లోంచే మా నలుగురి జీతాలు, అద్దె, కరెంటు. 25 శాతం కూపన్ వాడారంటే చేతికి వచ్చేది 75, మిగిలేది 15. అంటే ఒక మామూలు ఆర్డరు మీద మిగిలే డబ్బు కూపన్ ఆర్డర్ల మీద మిగలాలంటే దాదాపు మూడు అమ్మాలి. అన్నీ చేత్తో కుట్టే చోట మూడు రెట్లు కుట్టడం ఎలాగో మా చెల్లిని అడగండి, సూది మీ చేతికే ఇస్తుంది.

పోయిన ఏడాది మా ప్రతి మూడు ఆర్డర్లలో ఒకటి ఆ కూపన్ మీదే వెళ్ళింది. కొత్తవాళ్ళు అంతమంది వచ్చారని మొదట్లో మురిసిపోయాం కూడా. చిరునామాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, ఒకే ఇంటికి పదకొండు మంది 'కొత్తవాళ్ళు' ఉన్నారని. వాళ్ళని తప్పుపట్టను. తలుపు బార్లా తీసి పెట్టింది మేమే. కానీ ఆ పదకొండు తగ్గింపుల భారం మోసింది ఎవరంటే, ఏ కోడూ వెతక్కుండా పూర్తి ధర కట్టి వెళ్ళిన మీలాంటివాళ్ళు. అందుకే మూడు ఆర్డర్లలో ఒకదానికే పోతున్న ఆ 25ని మూడింటికీ సమానంగా పంచాను. ఒక్కోదానికి 8 పైచిలుకు వచ్చింది. ఆ 8 శాతం అక్కడి నుంచి వచ్చిందే, మా ఉదారత ఏమీ లేదు.

చేరినందుకు బోనస్ ఇవ్వడం దానంతటది చెడ్డదని నేననను. ఆన్‌లైన్‌లో డబ్బు పంపుకునే సేవ పేపాల్ 1999, 2000 ప్రాంతంలో కొత్తగా చేరినవాళ్ళకి 10 డాలర్లు, వాళ్ళని తెచ్చినవాళ్ళకి ఇంకో 10 డాలర్లు చేతికిచ్చింది. జనం వెల్లువలా వచ్చారు. ఖర్చు తట్టుకోలేక తర్వాత ఆ మొత్తాన్ని సగానికి తగ్గించి, చివరికి ఆపేసింది. వెనక పెద్ద పెట్టుబడి ఉంది కాబట్టి నిలబడింది. ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్ ఇంకొంచెం తెలివిగా వెళ్ళింది. స్నేహితుణ్ణి తెస్తే ఇద్దరికీ డబ్బు కాదు, అదనపు స్టోరేజీ ఇచ్చింది. 2008 సెప్టెంబరులో లక్ష మంది ఉన్న వాడకందారులు 2010 జనవరికి 40 లక్షలయ్యారు. ఇచ్చేవాడికి తక్కువ ఖర్చు, తీసుకునేవాడికి ఎక్కువ ఉపయోగం. వినియోగదారులుగా మీరు ఏ ఆఫర్‌నైనా ఈ కంటితో చూడొచ్చు. ఇచ్చేవాడు దీన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తున్నాడు అన్న ప్రశ్నకి జవాబు దొరికితే ఆ ఆఫర్ నిలుస్తుంది. దొరకలేదంటే, ఆ ఖర్చు ఏదో ఒక రూపంలో మీ దగ్గరికే రావచ్చు.

జవాబు లేని ఆఫర్ కథ కూడా ఒకటుంది. 1992లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ 100 పౌండ్ల సరుకు కొంటే రెండు విమానం టికెట్లు ఉచితమంది, మొదట యూరప్‌కి, తర్వాత ఏకంగా అమెరికాకి. టికెట్ల ఖరీదు సరుకు కంటే ఎక్కువ! జనం అవసరం లేని వాక్యూమ్ క్లీనర్లు కొని టికెట్లు అడిగారు. రెండు లక్షల మందికి పైగా విమానం ఎక్కారు, ఇంకా ఎందరో టికెట్లు రాక కోర్టులకెళ్ళారు. కంపెనీకి సుమారు 5 కోట్ల పౌండ్లు పోయాయి. ఇది చదివినప్పుడు మొదట నవ్వాను. తర్వాత మా పదకొండు మంది 'కొత్తవాళ్ళు' గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇంక నా తప్పుల దగ్గరికి వస్తాను. రాయడానికి మొహమాటంగానే ఉంది.

మా సైటు మీద 'ఆఫర్ ఇంకా 14 నిమిషాలే' అని ఒక గడియారం తిరిగేది గుర్తుందా? పేజీ మళ్ళీ తెరిస్తే అది మళ్ళీ 14 నుంచే మొదలయ్యేది. సైటు చేసినవాళ్ళు పెడితే అలాగే ఉంచేశాను, అమ్మకాలు పెరిగాయి కదా అని. ఉత్త నాటకం. తీసేశాం. రెండోది ఇంకొంచెం సిగ్గుచేటు. పోయినసారి సేల్‌కి మూడు వారాల ముందు నాలుగు రకాల నోటుబుక్కుల ధర పెంచాం. కాగితం ఖరీదు పెరిగిన మాట నిజమే, కానీ సేల్‌లో '30 శాతం తగ్గింపు' అని కొట్టేసి చూపించిన పాత ధర ఆ పెంచిన ధరే. పెంచకముందు ధరతో చూస్తే మీకు నిజంగా తగ్గింది అంతకంటే తక్కువ. సరిగ్గా ఈ ఎత్తుని ఆపడానికే యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది: తగ్గింపు ప్రకటిస్తే దానికి ముందు 30 రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరని చూపించాలి. మాకు ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఇకనుంచి ప్రతి సేల్‌లోనూ ఆ 30 రోజుల ధర పక్కనే ఉంటుంది. ఆ సేల్‌లో ఆ నాలుగు రకాలు కొన్నవాళ్ళకి తేడా డబ్బు వాళ్ళ ఖాతాలో వేశాం. ఈ వారంలో మెయిల్ వస్తుంది.

మూడోది చిన్నదే. బిల్లు కట్టే చోట 'ఆఫర్ మెయిళ్ళు పంపండి' అన్న గడిలో మేమే ముందుగా టిక్కు పెట్టి ఉంచేవాళ్ళం. అలాంటి టిక్కు అంగీకారం కిందకి రాదని 2019 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది. న్యాయస్థానం దాకా ఎందుకు, మనకే తెలుస్తుంది కదా. ఇప్పుడా గడి ఖాళీగా ఉంటుంది.

అన్ని తగ్గింపులూ ఎత్తేసి ఏడాదంతా ఒకటే ధర పెడదామని మా చెల్లి అంది. ఆ మాటకి నాకు జేసీపెన్నీ గుర్తొచ్చి భయమేసింది. అమెరికాలో ఆ పెద్ద స్టోర్ల సంస్థ 2012లో కూపన్లు తీసేసి రోజూ న్యాయమైన ధర అనే పద్ధతి పెట్టింది. ఆ ఒక్క ఏడాదే అమ్మకాలు నాలుగో వంతు పడిపోయాయి. మార్పు తెచ్చిన సీఈఓ రాన్ జాన్సన్ 2013 ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్నారు, కూపన్లు తిరిగొచ్చాయి. తగ్గింపు దొరికిందన్న సంతోషం కూడా కొనేవాళ్ళకి సరుకులో భాగమే. నాకూ అంతే, అబద్ధమెందుకు. అందుకని ఏడాదికి రెండు సేళ్ళు ఉంటాయి, తేదీలు నెల ముందే చెప్తాం. మొన్న కొన్న బుక్కు ఈరోజు తగ్గిందే అని మీరు బాధపడక్కర్లేదు.

దీనికి తోడు ఒక ముద్రల కార్డు మొదలుపెడుతున్నాం. పది గళ్ళు, నిండితే ఒక నోటుబుక్కు ఉచితం. అందులో రెండు గళ్ళు ముందే నింపి ఇస్తాం. ఎందుకో కూడా చెప్తాను. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కార్లు కడిగే చోట కొందరికి ఎనిమిది గళ్ళ ఖాళీ కార్డు, కొందరికి రెండు గళ్ళు నింపిన పది గళ్ళ కార్డు ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిది సార్లే. మొదటివాళ్ళలో 19 శాతం మంది కార్డు పూర్తి చేస్తే, రెండోవాళ్ళలో 34 శాతం మంది పూర్తి చేశారు. పని సగంలో ఉందనిపిస్తే మనసు ఊరుకోదు. కాబట్టి ఇది కూడా ఎత్తే, కాకపోతే చెప్పి చేస్తున్న ఎత్తు. లెక్క కావాలంటే: ఎనిమిది కొంటే తొమ్మిదోది ఉచితం, అంటే 11 శాతం తగ్గింపు. నోటుబుక్కులు ఎలాగూ వాడేవాళ్ళకే లాభం. కార్డు నింపడం కోసం మాత్రం కొనకండి.

ఉచిత శాంపిల్ సంగతి. 'ఉచితం, పోస్టేజీ మాత్రం మీది' అని ఇన్నాళ్ళూ పంపాం. నిజానికి ఆ 16 పేజీల చిన్న బుక్కు తయారీ కంటే మేం తీసుకున్న పోస్టేజీయే ఎక్కువ. దాన్ని ఉచితం అనడానికి నాకు నోరు రావాల్సింది కాదు. ఇక మీదట ఏ ఆర్డరుతోనైనా అడిగితే ఊరికే పెడతాం. విడిగా కావాలంటే 'పోస్టేజీకి శాంపిల్' అనే రాస్తాం. ఇంకోటి, అట్ట కాస్త పక్కకి పోయినవి, కుట్టు వంకరైనవి ఇన్నాళ్ళూ బీరువాలో పోగుపడ్డాయి. ప్రతి నెలా మొదటి సోమవారం 40 శాతం తక్కువకి పెడతాం. పేజీలకి ఏ లోపమూ ఉండదు. నేను రాసుకునేది ఎప్పుడూ వాటిలోనే.

మా దగ్గరే కాదు, ఎక్కడైనా మీ డబ్బు మిగలాలని ఒకటి రెండు లోపలి విషయాలు చెప్తాను. బుట్టలో సరుకు వేసి కొనకుండా వెళ్ళిపోతే ఒక రోజు తర్వాత మా నుంచి 10 శాతం కోడ్ వచ్చేది. ఇది మేమొక్కరమే చేసే పని కాదు, చాలా ఆన్‌లైన్ దుకాణాల్లో ఇలాంటి మెయిల్ తనంతట తానే వెళ్తుంది. తొందర లేని వస్తువైతే లాగిన్ అయి బుట్టలో పెట్టి ఒక రోజు ఆగి చూడండి. నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను అనుకోకండి, మా దగ్గర ఆ కోడ్ ఆపేశాం. వెళ్ళిపోయినవాళ్ళకి బహుమతి, ఆగి కొన్నవాళ్ళకి పూర్తి ధర, ఇదేం న్యాయం?

చేరినందుకిచ్చే కూపన్ మామూలుగా ఒక్కసారికే. చిన్న వస్తువు మీద దాన్ని ఖర్చు చేయకండి, కావాల్సినవన్నీ రాసుకుని ఒకేసారి వాడండి. '30 శాతం, పైన ఇంకో 10' అంటే 40 కాదు. వంద 70 అవుతుంది, 70లో పదో వంతు పోతే 63. అంటే 37 శాతమే. క్రెడిట్ కార్డులు ఇచ్చే చేరిక బోనస్‌కి మొదటి కొన్ని నెలల్లో ఇంత ఖర్చు పెట్టాలన్న షరతు తరచుగా ఉంటుంది. ఎలాగూ పెట్టే ఖర్చు అయితే సరే. బాకీ ఒక నెల మిగిలిందా, వడ్డీ ఆ బోనస్‌ని నమిలేస్తుంది. ఉచిత ట్రయల్ తీసుకున్న రోజే రద్దు చేసేయడం మేలు, కానీ కొన్ని సేవలు రద్దు చేసిన క్షణమే ఆగిపోతాయి. ఆ వాక్యం ఒకటి చదివి నొక్కండి.

ఆఫర్ల కోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకోండి. జీమెయిల్ వాడేవాళ్ళు తమ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి దుకాణం పేరు చేర్చినా మెయిల్ వాళ్ళకే వస్తుంది. రేపు చెత్త మెయిళ్ళు వస్తే మీ చిరునామా ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది. మా పదకొండు మంది 'కొత్తవాళ్ళూ' ఈ ప్లస్ గుర్తు పుణ్యమే, అది వేరే కథ.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. పోయిన నెల ఎవరో మా బొమ్మ పెట్టుకుని 'వార్షికోత్సవ బహుమతి ఉచితం, డెలివరీ చార్జీకి కార్డు నంబరు ఇవ్వండి' అని కొంతమందికి లింకులు పంపారు. మేం ఏ బహుమతికీ కార్డు వివరాలు గాని, ఓటీపీ గాని అడగం. అలాంటిది ఇప్పటికే నింపి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి, తర్వాత మాకు చెప్పండి.

ఆ మెయిల్ రాసిన ఆయనకి ఈ మార్పులన్నీ ముందుగా పంపాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. "బాగుంది. మరి నా పదిహేడుకి ముద్రలు వేస్తారా?" న్యాయమైన ప్రశ్నే, మాకు తట్టలేదు. వేశాం. ఆయనకి రెండు కార్డులు నిండి, మూడోదానిలో మూడు గళ్ళు పడ్డాయి. రెండు నోటుబుక్కులు నిన్న పోస్టులో వెళ్ళాయి. మీ పాత ఆర్డర్లకి కూడా ఇదే లెక్క, కార్డు మీ ఖాతాలో ఈ శుక్రవారానికి కనిపిస్తుంది. లెక్క తప్పితే చెప్పండి, ముద్రలు వేస్తున్నది నేనే.