మాత్ర మానొద్దు, వెన్ను చూసుకో

చిన్నీ,

నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను, అందుకే రాస్తున్నాను. "వైసొలోన్ ఎముకల్ని తినేస్తుందట కదా, యూరిన్‌లో ప్రొటీన్ నిల్ అని వస్తోంది కాబట్టి ఇక మానేయనా?" అన్నావు. నీ నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు, అంటే కిడ్నీల్లోంచి ప్రొటీన్ మూత్రంలోకి కారిపోయే జబ్బుకు, ఇచ్చే స్టెరాయిడ్ మాత్రే వైసొలోన్. దాని గురించి నువ్వు విన్నది నిజమే. చేద్దామనుకున్నది మాత్రం ప్రమాదం.

ముందు ప్రమాదం సంగతి. వారాల తరబడి స్టెరాయిడ్ బయటి నుంచి అందుతుంటే ఒళ్ళు తన సొంత స్టెరాయిడైన కార్టిసాల్ తయారీని తగ్గించేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు వెంటనే అందుకోలేవు. వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. గట్టిగా జ్వరం వచ్చినా, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా ఇదే ఇబ్బంది. ఆ రోజు డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఏ ఆసుపత్రికి వెళ్ళినా "నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను" అన్నదే నీ మొదటి మాట కావాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇప్పుడు నువ్వు రోజు తప్పించి రోజు చిన్న డోసు వేసుకుంటున్నావు. మానేసి రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) తెచ్చుకుంటే మళ్ళీ రోజూ పెద్ద డోసు, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 60 మి.గ్రా. చొప్పున, గరిష్ఠంగా 60 మి.గ్రా. దాకా. ఎముకల కోసమని మానితే చివరికి ఎముకలకే ఎక్కువ స్టెరాయిడ్ తగులుతుంది. మాటిమాటికీ రిలాప్స్ అవుతుంటే స్టెరాయిడ్ తగ్గించడానికి లెవమిసోల్, మైకోఫినోలేట్, టాక్రోలిమస్ లాంటి మందులున్నాయి. "నాకు వాటిలో ఏదైనా పనికొస్తుందా?" అని నెఫ్రాలజిస్టును, అదే మన కిడ్నీ డాక్టరును, నువ్వే అడుగు. పదహారేళ్ళ పిల్ల అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇక ఎముకల్లో జరిగేది విను. ఎముకలో రోజూ ఒకపక్క పాతది కూలుస్తుంటారు, ఇంకోపక్క కొత్తది కడుతుంటారు. స్టెరాయిడ్ వచ్చాక కూల్చే కూలీలు మామూలు కంటే ఎక్కువ రోజులు పనిలో ఉంటారు, కట్టే మేస్త్రీలు సగంలోనే వెళ్ళిపోతారు. అది చాలదన్నట్టు పేగుల్లో కాల్షియం ఒంటబట్టడం తగ్గుతుంది, మూత్రంలో పోయేది పెరుగుతుంది. నీ జబ్బు చేసే నష్టం దీనికి అదనం. రిలాప్స్‌లో ప్రొటీన్ పోయేటప్పుడు విటమిన్ డిని మోసే ప్రొటీన్ కూడా దాంతోపాటే పోతుంది. వాపులకిచ్చే లాసిక్స్ కూడా కాల్షియాన్ని బయటికి తోస్తుంది. అందుకే రిలాప్స్ మధ్యలో తీసిన రక్తంలో విటమిన్ డి, మొత్తం కాల్షియం రెండూ తక్కువ చూపిస్తాయి. ఆ రిపోర్టు చూసి గాభరాపడి కాల్షియం, విటమిన్ డి డోసు పెంచుకోకు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువున్నప్పుడు చూడాల్సింది అయొనైజ్డ్ కాల్షియం, అంటే ప్రొటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉండే కాల్షియం.

దెబ్బ ముందుగా తగిలేది వెన్నుపూసలకు. వాటి లోపలంతా జల్లెడలాంటి మెత్తటి ఎముక, మార్పు అక్కడ తొందరగా జరుగుతుంది. పెద్ద డోసు మొదలైన తొలి నెలల్లోనే నష్టం ఎక్కువ. పూస అణిగినా చాలామంది పిల్లలకు నొప్పే ఉండదు. కాబట్టి "నాకేం నొప్పి లేదు" అన్నదాన్ని నమ్ముకుని చెకప్పులు వాయిదా వేయకు.

తిండి దగ్గరికి వస్తాను. మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం నీ వయసుకు రోజుకు 1050 మి.గ్రా. కాల్షియం కావాలి. గేదె పాలు 200 మి.లీ. గ్లాసులో దాదాపు 240 వస్తుంది, రెండు గ్లాసులైతే 480. గట్టి పెరుగు చిన్న కప్పు 150 గ్రాములకు 180 దాకా. రాగి పిండి 50 గ్రాములతో జావ కాస్తే ఇంకో 180. ఇక్కడికి 840 అయింది, మిగతాది మునగాకు పప్పు, నువ్వులు, చిన్న చేపలు చూసుకుంటాయి. అయితే ఇది కాగితం మీది లెక్క. హాస్టల్ పాలలో నీళ్ళెన్నో నీకే తెలుసు, అక్కడి మజ్జిగ మజ్జిగే కాదు. మెస్‌లో పెరుగు విడిగా దొరికితే అదే వేసుకో. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది, కాబట్టి అది లెక్కలోకి రాదు. రాగుల్లో ఫైటేట్ ఉంటుంది, అదీ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మొలకెత్తించి పిండి పట్టిస్తే అది తగ్గుతుంది, నేను పంపే పిండి అలా చేసిందే. ఆవకాయ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఇంకోసారి చెప్తాను. ఉప్పు ఎక్కువైతే వాపే కాదు, మూత్రంలో కాల్షియం పోవడం కూడా పెరుగుతుంది. పచ్చడి, అప్పడం, చిప్స్ ఒకే రోజు మూడూ వద్దు.

కాల్షియం మాత్ర వేసుకోవడంలోనే అందరూ తప్పు చేస్తారు. నీ డబ్బా మీద కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉంటుంది, అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, కాబట్టి అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే చాలావరకు దండగ. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటొప్రజోల్ వేసుకునే రోజుల్లో ఇంకా తక్కువ ఒంటబడుతుంది. ఆ మాత్ర ఎక్కువ కాలం సాగేట్టుంటే కాల్షియం సిట్రేట్‌కు మార్చమని అడగొచ్చు. రెండు మాత్రలు రాస్తే రెండూ ఒక్కసారి మింగకు, ఒకసారికి 500 మించితే ఒంటబట్టే వంతు తగ్గిపోతుంది. కాలేజీలో ఇచ్చే ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నీకు తేలిక దారి చెప్తాను: పొద్దున టిఫిన్ తిన్నాక వైసొలోన్, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం, ఐరన్ ఇచ్చిన రోజు దాన్ని రాత్రికి.

విటమిన్ డి విషయంలో గట్టిగా చెప్తున్నాను. నీకు డాక్టర్ రాసింది రోజూ వేసుకునే 1000 యూనిట్ల మాత్ర. మీ రూమ్మేట్ వేసుకునేది వారానికొక 60,000 యూనిట్ల సాచెట్. అది మందుల షాపులో సులువుగా దొరుకుతుంది, కొందరు వారానికి రాసినదాన్ని పొరపాటున రోజూ తాగేస్తారు. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం వస్తాయి. కిడ్నీ జబ్బున్న పిల్లకు ఇది కోరి తెచ్చుకునే కష్టం. రక్తంలో మి.లీ.కు 20 నానోగ్రాముల పైన ఉంటే సరిపోతుంది, 100 దాటితే విషం కిందే లెక్క. డాక్టర్ చెప్పకుండా సాచెట్‌గానీ ఇంజెక్షన్‌గానీ తీసుకోవద్దు.

ఎండ ఊరికే వస్తుంది గానీ క్లాసు కిటికీ అద్దంలోంచి వచ్చేది పనికిరాదు, విటమిన్ డి తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. నీ నీడ నీకంటే పొట్టిగా ఉన్న వేళల్లోనే అవి బలంగా ఉంటాయి. ఆదివారం పదకొండింటికి డాబా మీద బట్టలు ఆరేసే పని నీదే అనుకో, చేతులకు ఎండ తగలనీ. లిఫ్ట్ మాని మెట్లెక్కు. వాపులు లేనప్పుడు స్కిప్పింగ్ మంచిది, బరువు మోస్తేనే, కుదుపు తగిలితేనే ఎముక గట్టిపడుతుంది. ఎప్పుడైనా వెన్నుపూస అణిగిందని తేలితే మాత్రం గెంతడం, ముందుకు బాగా వంగడం, వంగి బరువు ఎత్తడం ఆపేయాలి.

ఇప్పుడు నువ్వు గమనించుకోవాల్సినవి. వెన్ను మధ్యలో కొత్తగా నొప్పి మొదలై వారం దాటినా, దగ్గితేనో వంగితేనో పొడిచినట్టున్నా, బ్యాగు బరువని సర్దుకోకు. పక్క నుంచి తీసే వెన్నెముక ఎక్స్‌రే కావాలి. గజ్జల్లోగానీ తొడలోగానీ నొప్పి, కుంటడం, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం వేరే సూచన. స్టెరాయిడ్ వల్ల తుంటి బంతికి రక్తం అందక అది దెబ్బతినొచ్చు. ఒక్కోసారి ఈ నొప్పి మోకాల్లో తెలుస్తుంది, అందరూ మోకాలికే మందు రాస్తుంటారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది, ఎంఆర్ఐలోనే బయటపడుతుంది. చిన్న దెబ్బకే చెయ్యి విరిగితే మీ తాతయ్య పుత్తూరు కట్టు అంటారు. కట్టు సంగతి తర్వాత, అంత చిన్న దెబ్బకు ఎందుకు విరిగిందో ముందు మన డాక్టర్ చూడాలి. మూడు నెలలు నెలసరి రాకపోయినా దాచకు, ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక కూడా తగ్గుతుంది.

సంక్రాంతి సెలవుల్లో ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఉంది. నొప్పేమీ ఉండదు, కదలకుండా పడుకుంటే చాలు. రిపోర్టులో టి-స్కోరు ఉన్నా పట్టించుకోకు, అది పెద్దవాళ్ళ కొలత. నీకు చూడాల్సింది నీ వయసు ఆడపిల్లలతో పోల్చే జెడ్-స్కోరు. అదీ నీ ఎత్తుకు సరిచేసి చూడాలి, ఎదుగుదల తగ్గిన పిల్లలకు ఎముక ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. మైనస్ 2 కింద వచ్చినా ఆ ఒక్క అంకెతో ఎముకలు గుల్లబారాయని అనరు. దాంతోపాటు చేతి, కాలి ఎముకలు పదే పదే విరిగి ఉండాలి. వెన్నుపూస పెద్ద దెబ్బేమీ లేకుండా అణిగితే మాత్రం అంకెతో పనిలేకుండానే అంటారు. ఎముక అరుగుదలను ఆపే జొలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ల మాట అప్పుడే వస్తుంది. అవి ఏళ్ళ తరబడి ఎముకలో ఉండిపోయే మందులు, ముందు జాగ్రత్తకని తీసుకునేవి కావు.

ఈ నెల నుంచి ఒకటో తారీఖున చెప్పులు విప్పి, మడమలు గోడకానించి, రూమ్మేట్‌తో ఎత్తు కొలిపించుకుని ప్రొటీన్ ఫలితాలు రాసుకునే యూరిన్ డైరీలోనే రాసిపెట్టు. సెంటీమీటరో రెండో తగ్గినట్టు అనిపిస్తే మళ్ళీ కొలిచి చూసి నాకు చెప్పు. శనివారం నాన్న వస్తున్నారు. రాగి పిండి రెండు కిలోలు, నువ్వుల ఉండలు పంపిస్తున్నాను. ఉండలు రోజుకొకటి చాలు, మిగతావి రూమ్మేట్లకు పెట్టు. ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు పారేయకుండా నాన్నకివ్వు, లెక్క చూసుకుంటాను.

అమ్మ